సవర పిల్లలకు సవరలోనే తొలి చదువు

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



నేను 1984లో ఈ బడిలో పదో తరగతి పూర్తిచేశాను. తర్వాత ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్ చదివి, విద్యుత్తు లైన్ల పనిలోనే తల నెరిసింది. సంఘం వాళ్లు ఫోన్ చేసి "ఏదైనా సాంకేతిక విషయం మీద మాట్లాడండి, పిల్లలకు ఉపయోగపడుతుంది" అన్నారు. నేను ఎంచుకున్నది మాత్రం చదువుకు, భాషకు సంబంధించిన విషయం. మన ఊరికి పడమట కనిపించే కొండల మీది పిల్లల గురించి. మధ్యాహ్నం సర్వసభ్య సమావేశంలో స్వర్ణోత్సవ నిధిని దేనికి ఖర్చు పెట్టాలో మనం తేల్చుకోబోతున్నాం. అందుకని నాలుగు మాటలు ముందే మీ చెవిన వేస్తాను.

మన బడికి ఆరో తరగతిలో ప్రతి ఏడూ ఏజెన్సీ నుంచి కొందరు సవర పిల్లలు వస్తారు. మా రోజుల్లోనూ వచ్చేవారు. హాస్టల్లో ఉండేవారు. వెనక బెంచీల్లో కూర్చునేవారు. మాస్టారు ప్రశ్న అడిగితే లేచి నిలబడి తల దించుకునేవారు. వాళ్లు మొద్దులని కొందరు, బిడియస్థులని కొందరు అనేవారు. సాయంత్రం ఆటస్థలంలో వాళ్లలో వాళ్లు మాట్లాడుకుంటూ ఉంటే వినాలి. మాట మాటకీ నవ్వులు, వాదులాటలు, కథలు! ఉదయం నోరు విప్పనివాళ్లూ వీళ్లూ ఒకటేనా అనిపించేది.

నా పక్కన కూర్చున్న మిత్రుడొకడు సంతలో అనాసపళ్ల బుట్టలు లెక్కపెట్టి, ధర కట్టి, చిల్లర తిరిగి ఇచ్చేవరకు కాగితం ముట్టేవాడు కాదు. అదే లెక్క నల్లబల్ల మీద తెలుగు వాక్యంగా రాస్తే ఆగిపోయేవాడు. మా లెక్కల మాస్టారు ఇప్పుడు మన ముందే కూర్చున్నారు. వారు ఒకరోజు వాడి ముందు చింతపిక్కలు పోసి "మీ భాషలోనే లెక్కపెట్టరా, వింటాను" అన్నారు. వాడు పన్నెండు దాకా ఒక్కో పేరూ చెప్పాడు. పదమూడు దగ్గర మాస్టారు ఆపి, మళ్లీ చెప్పమన్నారు. "పన్నెండూ ఒకటీ" అనే అర్థం వచ్చే మాట అది. ఆ తర్వాత పన్నెండూ రెండూ, పన్నెండూ మూడూ... అలా పన్నెండూ ఏడూ వరకు వెళ్లి, ఇరవైకి కొత్త పేరు వచ్చింది.

అది వాడి సొంత పద్ధతి కాదు, సవర భాషకే ప్రత్యేకమైన సంఖ్యాపద్ధతి. పన్నెండును 'మిగ్గెల్' అంటారు. పదమూడు 'మిగ్గెల్‌బోయ్'. ఇరవై దగ్గర ఒక గుంపు పూర్తవుతుంది. ముప్పై మూడు అంటే ఒక ఇరవై, ఒక పన్నెండు, ఒకటి. తొంభై తొమ్మిది అంటే నాలుగు ఇరవైలు, పన్నెండు, ఏడు. ప్రపంచంలోని సంఖ్యాపద్ధతుల గురించి రాసేవాళ్లు ఈ సవర లెక్కను ప్రత్యేకంగా చెబుతారు. మనమూ డజన్లతో అరటిపళ్లు కొంటాం, అడుగుకు పన్నెండు అంగుళాలంటాం. మన నాయనమ్మలు పుంజీల్లో లెక్కపెట్టేవారు. మనకు అదేమీ వింతగా తోచదు.

ఇప్పుడు ఒకటో తరగతి సవర పిల్లవాణ్ణి ఊహించుకోండి. 13 అని రాస్తే ఒక పదీ మూడు ఒకట్లూ అని బడి చెబుతుంది. వాడి చెవిలో ఉన్నది పన్నెండూ ఒకటీ. రెండూ సరైనవే. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి, "మీ ఇంట్లో ఇలా అంటారు, బడిలో ఇలా రాస్తాం" అని వాడి భాషలో ఒక్కసారి చెప్పేవాళ్లుంటే ఆ పిల్లవాడికి లెక్కలు ఇంకా బాగా వస్తాయి. రెండు సంఖ్యాపద్ధతులు తెలిసినవాడు కదా! చెప్పేవాళ్లు లేకపోతే తనకు వచ్చిందంతా తప్పనుకుంటాడు. ఆ మాస్టారు సవర పండితులు కారు. పిల్లవాడి భాషలో ఏముందో విందామని అనుకున్నారు, అంతే. ఆ ఏడాది లెక్కల్లో నా మిత్రుడు తప్పలేదు. మిగతా సబ్జెక్టుల్లో అలా వినేవాళ్లు దొరకలేదు. ఎనిమిదో తరగతి మధ్యలో పెట్టె సర్దుకుని కొండెక్కేశాడు.

చాలా ఏళ్లకు ఆ కొండ ఊళ్లకు లైన్ వేసే పనిలో వాణ్ణి మళ్లీ కలిశాను. జీడితోట వేసుకున్నాడు. సవర, తెలుగు, ఒడియా మూడూ గడగడా మాట్లాడతాడు. మా కాగితాల మీద వేలిముద్ర వేయబోయి, నన్ను చూసి సిగ్గుపడి, కష్టపడి సంతకం చేశాడు. మూడు భాషలు వచ్చినవాణ్ణి మన లెక్కల్లో చదువు మధ్యలో మానేసినవాడిగా రాసుకుంటున్నాం.

ఆ పనిలోనే ఇంకొకటి గమనించాను. కరెంటు పరికరాల దగ్గర పుర్రె, ఎముకల బొమ్మతో ప్రమాద సూచిక బోర్డు చూసే ఉంటారు. 1956 నాటి భారత విద్యుత్ నియమాల్లో 35వ నియమం ప్రకారం ఆ హెచ్చరిక హిందీ లేదా ఇంగ్లీషులోనూ, జిల్లాలోని స్థానిక భాషలోనూ ఉండాల్సి ఉండేది. మేం తెలుగులో రాసిన బోర్డులు కట్టుకుంటూ పోయాం. నియమం ప్రకారం తప్పేమీ లేదు. కానీ ఆ ఊళ్లో స్థానిక భాష సవర. తెలుగు చదవగలిగినవాళ్లు ఒకరిద్దరు. ఒక పెద్దాయన బోర్డు చూసి "ఈ బొమ్మ ఎవరిది?" అని అడిగాడు. మా లైన్‌మన్ అరగంట నిలబడి చేతులతో, సైగలతో, వచ్చీరాని సవరతో చెప్పాడు. జిల్లా భాష వేరు, ఊరి భాష వేరు అన్న సంగతి నాకు ఆ ట్రాన్స్‌ఫార్మరు దగ్గర స్పష్టమైంది.

మిత్రులారా, ఈ విషయం మన ప్రాంతానికి కొత్తది కాదు. ఇక్కడికి దగ్గరలోనే, పర్లాకిమిడిలో, నూరేళ్ల కిందటే దీనికోసం జీవితం ధారపోసిన మహానుభావుడున్నాడు. గిడుగు రామమూర్తి పంతులుగారు. 1863 ఆగస్టు 29న శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో పుట్టారు. వారి పుట్టినరోజునే తెలుగు భాషా దినోత్సవం చేసుకుంటున్నాం. వ్యావహారిక భాషకోసం పోరాడినవారుగా మనందరికీ తెలుసు. ఆయన సవరల కోసం చేసిన పని గురించి ఆ రోజు సభల్లో ఒక్క వాక్యం చెప్పి వదిలేస్తాం.

1880లో పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా చేరిన ఆయన, చుట్టుపక్కల కొండల్లోని సవరలకు చదువు చెప్పాలనుకున్నారు. ముందు తానే వాళ్ల భాష నేర్చుకోవాలని గ్రహించారు. తెలుగు, సవర రెండూ వచ్చిన మనిషిని ఇంట్లో పెట్టుకుని నేర్చుకున్నారు. సవరలో వాచకాలు రాశారు. సొంత డబ్బుతో బడులు పెట్టి, పంతుళ్లకు జీతాలిచ్చారు. 1913లో ప్రభుత్వం ఆయనకు రావు బహదూర్ బిరుదు ఇచ్చింది. దశాబ్దాల శ్రమ తర్వాత 1931లో సవర వ్యాకరణం, 1938లో సవర–ఇంగ్లీషు నిఘంటువు మద్రాసు ప్రభుత్వం అచ్చువేసింది. కొండల్లో తిరిగి మలేరియా తెచ్చుకుని, దానికి వాడిన క్వినైను వల్ల వినికిడి పోగొట్టుకున్నారని చెబుతారు. కుమారుడు గిడుగు సీతాపతిగారు కూడా సవర భాషమీద పనిచేశారు.

కాలక్రమం గమనించండి. ఆయన సవర కృషి ముందు మొదలైంది, వ్యావహారిక తెలుగు ఉద్యమం తర్వాత వచ్చింది. పిల్లవాడు మాట్లాడే భాషకూ పుస్తకంలోని భాషకూ మధ్య అగాధం ఉంటే చదువు సాగదన్న సత్యం రెండింటికీ పునాది. ఆయన తెలుగు పిల్లలకోసం అడిగినదాన్ని మనం అందుకున్నాం. ఈ రోజు నేను మాట్లాడుతున్న తెలుగు, పిల్లల పాఠ్యపుస్తకాల్లోని తెలుగు ఆయన పెట్టిన భిక్షే. సవర పిల్లలకోసం చేసినది మాత్రం కొండ దిగి అందరి దాకా రాలేదు.

చట్టాలు లేవా అంటే ఉన్నాయి. 1956లో ఏడో సవరణతో రాజ్యాంగంలో చేరిన 350ఎ అధికరణం, భాషాపరంగా అల్పసంఖ్యాకులైన పిల్లలకు ప్రాథమిక స్థాయిలో మాతృభాషలో బోధనకు తగిన సౌకర్యాలు కల్పించాలని చెబుతోంది. 2009 నాటి విద్యాహక్కు చట్టం, వీలైనంతవరకు బోధన పిల్లల మాతృభాషలో ఉండాలంటోంది. 2020 జాతీయ విద్యా విధానం, సాధ్యమైన చోటల్లా కనీసం అయిదో తరగతి వరకు మాతృభాషలో బోధన ఉండాలని చెప్పింది. "వీలైనంతవరకు", "సాధ్యమైన చోట" అన్న మాటల దగ్గరే బండి ఆగిపోతుంటుంది.

మన రాష్ట్రంలో ప్రయత్నమూ జరిగింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2004లో ఎనిమిది భాషల్లో బహుభాషా విద్యా కార్యక్రమం మొదలైంది. సవర, కొండ, కువి, కోయ, గోండి, కొలామి, బంజారా, ఆదివాసీ ఒడియా. పుస్తకాలు తెలుగు లిపిలో, పాఠాలు పిల్లల భాషలో. అందులో కొండ, కొండమొక్కలు, సంత, పండగ, పోడు వ్యవసాయం ఉంటాయి. మొదటి తరగతుల్లో ఇంటిభాషలో చదవడం, రాయడం నేర్పి, తెలుగును ముందు మాటగా, తర్వాత రాతగా క్రమంగా పరిచయం చేయడం దాని పద్ధతి. ఒడిశాలో 2007లో ఇలాంటిదే మొదలైంది. అందులోనూ సవర ఉంది.

ఈ పద్ధతి ఎందుకు పనిచేస్తుందో నా వృత్తి భాషలో చెబుతాను. దూరం నుంచి వచ్చే 33 కిలోవోల్టుల లైన్‌ను ఎవరూ తిన్నగా ఇంటికి కలపరు. సబ్‌స్టేషన్‌లో 11 కిలోవోల్టులు, వీధి చివర ట్రాన్స్‌ఫార్మరులో ఇంకా తక్కువ, ఇంట్లోకి 230 వోల్టులు. మధ్యలో శక్తిని తగ్గించడం మా ఉద్దేశం కాదు. అందుకునేవాడికి తగిన రూపంలోకి మార్చి ఇస్తాం. తెలుగు రాని ఆరేళ్ల పిల్లవాడికి తెలుగులో అక్షరాలు, తెలుగులో లెక్కలు, తెలుగులో పరిసరాల విజ్ఞానం ఒకేసారి ఇస్తున్నాం. పైగా ఇప్పుడు ఇంగ్లీషు కూడా. మధ్యలో ట్రాన్స్‌ఫార్మరు లేదు.

అక్షరం అంటే ధ్వనికి గుర్తు. ఆ ధ్వనులతో అయిన మాట పిల్లవాడికి ముందే తెలిసి ఉంటే, అక్షరాలు కూడబలుక్కోగానే "ఓ, ఇదా!" అని మొహం వెలుగుతుంది. తెలియని మాటను కూడబలుక్కుంటే ధ్వని మాత్రం మిగులుతుంది. చదవడం ఒకసారి అర్థంతో వచ్చాక, ఆ నైపుణ్యం రెండో భాషకు, మూడో భాషకు వెళుతుంది. చదవడం మళ్లీ మొదటి నుంచి నేర్చుకోనక్కర్లేదు.

"మరి రెండు భాషలతో పిల్లవాడి బుర్ర గందరగోళం కాదా?" అని అడుగుతారు. మన పొరుగునే దీనికి జవాబుంది. మనస్తత్వ శాస్త్రవేత్త అజిత్ మొహంతి ఒడిశాలోని కొంధ్ పిల్లల్ని అధ్యయనం చేశారు. కుయి, ఒడియా రెండూ మాట్లాడే పిల్లలు, కుయి పోయి ఒడియా మాత్రమే మిగిలిన కొంధ్ పిల్లలకంటే ఆలోచనకు సంబంధించిన పరీక్షల్లో మెరుగ్గా ఉన్నారని తేల్చారు. ఇంటిభాష నిలబడితే రెండో భాషకు బలం.

"వాళ్ల తల్లిదండ్రులే ఇంగ్లీషు కావాలంటున్నారు కదా?" అన్నది ఇంకో ప్రశ్న. కావాలి, తప్పకుండా కావాలి. నా పిల్లలు ఇంగ్లీషులోనే చదివారు. వాళ్లకు వద్దని చెప్పే అర్హత నాకు లేదు. నేను చెబుతున్నది మెట్ల సంగతి. సవర నుంచి తెలుగుకు, తెలుగు నుంచి ఇంగ్లీషుకు. మొదటి మెట్టు తీసేసి మూడోదాని మీద నిలబడమంటే, పడిపోయినవాళ్లను మనం బలహీనులంటున్నాం.

మన సంగతీ చూద్దాం. తమిళనాడులో 2006లో తమిళం తప్పనిసరి చేస్తూ చట్టం వచ్చినప్పుడు హోసూరు, కృష్ణగిరి ప్రాంతాల తెలుగు పిల్లల కోసం మనం ఆవేదన పడ్డాం. న్యాయమైన ఆవేదనే. పర్లాకిమిడిలో తెలుగు బడులు తగ్గిపోతే బాధపడతాం. అమెరికాలో స్థిరపడిన మన మిత్రులు వారాంతాల్లో పిల్లల్ని కారెక్కించుకుని మనబడి తరగతులకు తీసుకెళుతున్నారు. అక్కడ అల్పసంఖ్యాకులుగా మనం కోరుకుంటున్నదాన్నే, ఇక్కడ అధికసంఖ్యాకులుగా మన పక్కవాళ్లకు ఇవ్వాలి. ఒకే తరాజు ఉండాలి.

ఇబ్బందులు ఉన్నాయి. దాచను. సవర మన తెలుగులా ద్రావిడ భాష కాదు, సంతాలీ, ముండారీల కుటుంబానిది. గొంతు దగ్గర ఊపిరిని టక్కున ఆపి పలికే ధ్వని అందులో ఉంది. దానికి తెలుగులో అక్షరం లేదు. ఒకే భాషకు లిపులు కూడా నాలుగు. ఆంధ్రలో తెలుగు లిపి, ఒడిశాలో ఒడియా లిపి, క్రైస్తవ మిషన్ల పుస్తకాల్లో రోమన్ లిపి. వీటికి తోడు 1936లో మంగేయ్ గోమాంగో సృష్టించిన సొరాంగ్ సొంపెంగ్ అనే సొంత లిపి. ఈ లిపి 2012లో యూనికోడ్‌లో చేరింది. అంటే ఈ రోజు ఫోన్లో సవరను సొంత లిపిలో చూపించడానికి సాంకేతికంగా అడ్డు లేదు. ఏ లిపి వాడాలన్నది సవర పెద్దలు, ఉపాధ్యాయులు తేల్చుకోవలసిన సంగతి, మనది కాదు. మన జిల్లాల్లో ఇప్పటివరకు పుస్తకాలు తెలుగు లిపిలో వచ్చాయి కనుక, అక్కడి నుంచి మొదలుపెట్టవచ్చు.

"నాలుగు జనం మాట్లాడే భాష, ఎంతకాలం ఉంటుంది లెండి" అని ఒక మిత్రుడు నిన్న రాత్రి అన్నాడు. 2011 జనాభా లెక్కల్లో దేశం మొత్తం మీద సవర మాట్లాడేవాళ్లు నాలుగు లక్షల పైచిలుకు. భాష ఎంతకాలం ఉంటుందన్నది బడి దాన్ని ఎలా చూస్తుందన్న దానిమీద చాలా ఆధారపడుతుంది. అయినా నా వాదన భాషను కాపాడటం దగ్గర మొదలు కావడం లేదు. ఈ జూన్‌లో మన ఆరో తరగతిలో చేరబోయే పిల్లల దగ్గర మొదలవుతోంది.

ఇక నా ప్రతిపాదనలు. నిధితో సిమెంటు ముఖద్వారం కట్టాలని ఒక ఆలోచన ఉంది. కట్టుకుందాం, కొంచెం చిన్నది కట్టుకుందాం. మిగిలినదానితో నాలుగు పనులు చేయవచ్చు.

ఒకటి. సవర పెద్దల దగ్గర కథలు విని, రికార్డు చేసి, పదహారు పేజీల బొమ్మల పుస్తకాలు వేద్దాం. పైన సవర, కింద తెలుగు. ఒడిశాలో ప్రథమ్ బుక్స్ సంస్థ సవర, కుయి, ముండా, జువాంగ్ భాషల్లో ఇలాంటివి తెచ్చింది. బొమ్మలు సవర చిత్రకారులే వేయాలి. వాళ్ల ఇళ్ల గోడల మీది బొమ్మలు చూసినవాళ్లకు ఎందుకో చెప్పనక్కర్లేదు. కథ చెప్పినవాళ్ల పేరు, బొమ్మ వేసినవాళ్ల పేరు అట్టమీద ఉండాలి, పారితోషికం చేతికి అందాలి.

రెండు. ఇంటరో డిగ్రీయో చదివి ఊళ్లో ఉన్న సవర యువతీయువకులు ఉన్నారు. మనకు పిల్లల్ని పంపే ప్రాథమిక పాఠశాలల్లో వాళ్లు రోజుకు రెండు గంటలు ఒకటి, రెండు తరగతుల పిల్లలకు సవరలో చదువు చెప్పేలా గౌరవ వేతనం ఇద్దాం. అనుమతులకు అధికారులను కలిసే పని నాది.

మూడు. మన బడిలో ఆరో తరగతికి మొదటి మూడు నెలలు ఒక వారధి తరగతి. లెక్కల్లో, సైన్సులో వచ్చే మాటలకు సవర–తెలుగు–ఇంగ్లీషు పదపట్టిక గోడమీద ఉండాలి. పన్నెండూ ఒకటీ కూడా అక్కడ ఉండాలి. తెలుగు పిల్లలూ చదువుతారు. సవర పిల్లవాడు తెలుగు పిల్లవాడికి ఒక మాట నేర్పిన రోజున వెనక బెంచీ కాస్త ముందుకు జరుగుతుంది.

నాలుగు. కొత్తగా చేరే ఉపాధ్యాయులకు సవరలో వంద మాటలు, ఇరవై వాక్యాలతో ఒక చిన్న పుస్తకం. "కూర్చో", "అర్థమైందా", "మళ్లీ చెప్పనా", "ఆకలేస్తోందా". గిడుగువారు ఒక భాష మొత్తం నేర్చుకున్నారు. మనం ఇరవై వాక్యాలైనా నేర్చుకోలేమా?

మూడేళ్లు చూద్దాం. ఆరులో చేరినవాళ్లలో ఎందరు ఎనిమిది దాటారో, ఎందరు పదికి చేరారో పేరు పేరునా రాసుకుందాం. ఫలితం లేకపోతే మీరే నన్ను నిలదీయండి. ఇంజనీరుకు లెక్క చెప్పడం అలవాటే. నా వంతుగా ఒక ఉపాధ్యాయ సహాయకుడి మూడేళ్ల గౌరవ వేతనం ఈ రోజే కోశాధికారి గారికి అందజేస్తున్నాను.

ఈ బడి నాకు నా భాషలో అక్షరాలు నేర్పింది. ఆ పునాది మీద తర్వాత ఇంగ్లీషులో ఇంజనీరింగ్ చదవగలిగాను. ఆ పునాదే మా వెనక బెంచీ పిల్లలకూ అందాలన్నది నా కోరిక. మధ్యాహ్నం సమావేశానికి అందరూ ఉండండి, భోజనం కాగానే బస్సులకు వెళ్లిపోకండి.